కానుగ గింజ నుంచి విమాన ఇంధనం దాకా

ఖమ్మం–భద్రాచలం అడవి అంచు గూడేలకు కానుగ చెట్టు కొత్త కాదు. దాని నూనె వంటకు పనికిరాదు కాబట్టి తిండితో పోటీ లేదు. ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గిరిజన మహిళలు 2003లో కానుగ నూనె వాడకంతో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. గర్వంగా గుర్తుంచుకోవాల్సిన ఘట్టమిది.

ఇలాంటి నూనెలను హైడ్రోజన్‌తో శుద్ధిచేసి ఆక్సిజన్ తొలగిస్తే విమాన ఇంధనమవుతుంది. మామూలు ఇంధనంలో 50 శాతం వరకు కలపవచ్చు. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్–ఢిల్లీ స్పైస్‌జెట్ విమానం 25 శాతం జట్రోఫా (మరో తినరాని నూనెగింజ) ఇంధనంతో ఎగిరింది. అంతర్జాతీయ విమాన సర్వీసుల్లో ఇలాంటి ఇంధనాన్ని కలపడానికి భారత్ లక్ష్యాలు: 2027లో 1, 2028లో 2, 2030లో 5 శాతం.

అసలు అడ్డంకులు ఖరీదు, ముడిసరుకు కొరత. అందుకే గింజ ఏరే గిరిజనులకు ముందుగా గిట్టుబాటు ధర ప్రకటించాలి.