కారు కింద "టక్ టక్" శబ్దమా? పార్టులు మార్చే ముందు ఫోన్‌తో ఇలా కనిపెట్టండి

స్పీడ్ బ్రేకర్ దిగగానే ముందు నుంచి ఒక "టక్". గతుకుల రోడ్డెక్కితే "కట కట కట". మెకానిక్‌కి చూపిస్తే ఒక రౌండ్ కొట్టి వచ్చి, "సస్పెన్షన్ పోయింది సార్, లోయర్ ఆర్మ్‌లు, షాక్ అబ్జార్బర్లు, లింకులు అన్నీ మార్చేద్దాం" అంటాడు. అన్నీ మార్చాక కూడా శబ్దం అలాగే ఉంటే? ఈ బిల్లు కట్టినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

ప్రతిసారీ ఇది మోసమే కానక్కర్లేదు. శబ్దం ఇనుప బాడీ అంతా పాకుతుంది. ఎడమ చక్రం దగ్గర పుట్టిన చప్పుడు డ్యాష్‌బోర్డు మధ్యలో వినిపించొచ్చు. అంటే "ఎక్కడ" అనే విషయంలో మన చెవిని నమ్మలేం. కానీ "ఎప్పుడు" వస్తోంది అన్నది మాత్రం చాలా విషయం చెబుతుంది. దాన్ని పట్టుకోవడానికి జేబులో ఉన్న ఫోన్, పక్కన ఒక స్నేహితుడు చాలు.

ఇక్కడ చెప్పేది స్విఫ్ట్, బాలెనో, ఐ20 లాంటి హ్యాచ్‌బ్యాక్‌లను దృష్టిలో పెట్టుకుని. వీటిలో ముందు మాక్‌ఫెర్సన్ స్ట్రట్, వెనక టోర్షన్ బీమ్ ఉంటాయి. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ఇదే పద్ధతి.

ముందు కారు ఖాళీ చేయండి

నవ్వకండి, చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. డిక్కీలో వదులైన జాకీ, వీల్ స్పానర్, సరిగ్గా బిగించని స్టెప్నీ, పార్సిల్ ట్రే, సీటు కింద దొర్లే నీళ్ల బాటిల్, గుడికి వెళ్లొచ్చి మరిచిపోయిన కొబ్బరికాయ... అన్నీ తీసేయండి. వెనక సీటు లాక్ సరిగ్గా పడిందో లేదో చూడండి. ఖాళీగా వేలాడే సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్‌కి కొట్టుకున్నా అచ్చం సస్పెన్షన్ శబ్దంలాగే ఉంటుంది.

రికార్డింగ్ ఇలా చేయండి

ఫోన్ పట్టుకునేది పక్క సీట్లో వాళ్లే. డ్రైవ్ చేసేవాళ్లు ఫోన్ ముట్టుకోవద్దు. రికార్డర్ యాప్‌లో బయటి శబ్దం తగ్గించే ఆప్షన్ ఉంటే ఆఫ్ చేయండి. అది మనిషి గొంతును కాపాడటానికి ఇచ్చిన ఫీచర్. మనకి కావాల్సిన "టక్"నే అది మింగేయొచ్చు. మామూలు వీడియో తీసినా సరిపోతుంది.

అసలు చిట్కా ఇది: రికార్డ్ అవుతుండగానే పైకి చెప్పండి. "ఎడమ చక్రం గుంతలో", "రెండు చక్రాలు బ్రేకర్ మీద", "బ్రేక్ వేశాం" అని. తర్వాత విన్నప్పుడు ఏ పనికి ఏ శబ్దమో తెలిసిపోతుంది. ఇంట్లో ఇంకో ఫోన్ ఉంటే ఒకటి ఎడమ ఫుట్‌మ్యాట్ మీద, ఇంకోటి వెనక సీటు కింద పెట్టి, మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ చప్పట్ల దగ్గర రెండు రికార్డింగులూ కలిపి వింటే ముందా, వెనకా అన్నదాని మీద ఒక అంచనా వస్తుంది.

కొంతమంది ఫోన్‌ని బానెట్ లోపలో, కారు కిందో టేప్ వేసి కట్టేస్తుంటారు. ఆ పని చేయకండి. ఎక్కువ పవర్ ఉన్న బైక్ ఇంజిన్ల వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరా స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లో స్వయంగా హెచ్చరించింది. పైగా ఫోన్ ఊడి రోడ్డు మీద పడితే వెనకొచ్చే బండివాడికి కూడా ప్రమాదం.

ఒక చక్రమా, రెండు చక్రాలా?

అన్నిటికంటే పనికొచ్చే టెస్ట్ ఇదే, ఖర్చు సున్నా. ఖాళీ రోడ్డు మీద గంటకు 15 నుంచి 20 కిలోమీటర్ల స్పీడులో స్పీడ్ బ్రేకర్‌ని నిటారుగా దాటండి, రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా. తర్వాత బ్రేకర్ చివర ఒక్క చక్రం మాత్రమే ఎక్కేలా దాటండి. ఎడమ ఒకసారి, కుడి ఒకసారి.

ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ అడ్డంగా స్టెబిలైజర్ బార్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని రెండు చివర్లా చిన్న లింక్ రాడ్‌లు. రెండు చక్రాలూ కలిసి లేస్తే బార్ తన బుష్‌లలో అలా తిరుగుతుందంతే, మెలి పడదు. ఒక్క చక్రమే లేస్తే మెలి పడుతుంది, ఆ బలమంతా లింక్ రాడ్ గుండా వెళుతుంది. లింక్ చివర ఉన్న చిన్న బాల్ అరిగి ఉంటే అప్పుడే "టక్" అంటుంది. కాబట్టి రెండు చక్రాలతో నిశ్శబ్దం, ఒక్క చక్రంతో శబ్దం వస్తే మొదటి అనుమానం లింక్ రాడ్ మీద, తర్వాత బార్ బుష్‌ల మీద పెట్టుకోవాలి. సస్పెన్షన్‌లో చవగ్గా తేలిపోయే పార్టుల్లో ఇవి కూడా ఉన్నాయి. లోయర్ ఆర్మ్‌ల ఎస్టిమేట్ ఒప్పుకునే ముందు ఈ ఒక్క టెస్ట్ చేయండి.

రెండు రకాలుగానూ ఒకేలా కొడుతుంటే స్ట్రట్ మౌంట్, షాక్ అబ్జార్బర్, లోయర్ ఆర్మ్ బుష్ చూడాలి. షాక్ అబ్జార్బర్ మీద తడి ఆయిల్ జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే అది పోయినట్టే. దీన్ని మాత్రం జంటగా, ఎడమ కుడి రెండూ మార్చాలి.

బ్రేక్, స్టీరింగ్ చెప్పే సంగతులు

ఖాళీ స్థలంలో మెల్లగా ముందుకు వెళ్లి బ్రేక్, మళ్లీ రివర్స్‌లో వెళ్లి బ్రేక్. దిశ మారిన ప్రతిసారీ ఒక్క "టక్" వస్తే లోయర్ ఆర్మ్ బుష్ చిరిగి ఉండొచ్చు, లేదా బ్రేక్ ప్యాడ్ కాలిపర్‌లో కదులుతుండొచ్చు, ఇంజిన్ మౌంట్ కూడా కావొచ్చు. విడదీయడం కష్టం కాదు. గతుకుల్లో శబ్దం వస్తున్నప్పుడు బ్రేక్ పెడల్ మీద తేలిగ్గా కాలు వేయండి (వెనక బండ్లు లేనప్పుడు). శబ్దం ఆగిపోతే ప్యాడ్‌లే.

కారు ఆపి ఉంచి స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ "గుంయ్" మని విదిలించుకున్నట్టు వస్తోందా? స్ట్రట్ పైన ఉండే మౌంట్ బేరింగ్ పట్టేసింది. బానెట్ తెరిచి స్ట్రట్ పైభాగం మీద చెయ్యి పెడితే, స్నేహితుడు స్టీరింగ్ తిప్పుతున్నప్పుడు ఆ దెబ్బ చేతికే తెలుస్తుంది. చిన్న చిన్న గతుకుల్లో స్టీరింగ్ చేతిలోనే లొటలొటలాడితే టై రాడ్ ఎండ్, రాక్ ఎండ్ చూడాలి. అవి బాగున్నాయని తేలాకే స్టీరింగ్ రాక్ మాట ఎత్తనివ్వండి, ఎందుకంటే దాని ఖర్చు వేరే లెవెల్. ఇక స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు చక్రంతో పాటు "కట కట" వేగం పెరిగితే అది సస్పెన్షనే కాదు, యాక్సిల్ సీవీ జాయింట్.

స్లో మోషన్‌లో కనిపించేది

కారు సమతలంగా నిలిపి, ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, గేరులో పెట్టండి. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పితే టైరు వెనక లింక్ రాడ్ కనిపిస్తుంది. స్నేహితుడు కారుని పక్కలకి ఊపుతుంటే టార్చ్ వేసి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీయండి. మామూలు 30 ఫ్రేముల వీడియోగా చూస్తే 8 రెట్లు నిదానంగా కనిపిస్తుంది. రాడ్ చివర బాల్ తన గిన్నెలో ఎగిరెగిరి పడుతుంటే దొంగ దొరికినట్టే. చేత్తో పట్టుకుని ఊపినా తెలుస్తుంది.

ఇది జాకీ మీద ఒక్క చక్రం లేపి చేయకండి. ఒక పక్క లేపితే బార్ మెలిపడి లింక్ బిగుసుకుంటుంది, అరిగినది కూడా గట్టిగా ఉన్నట్టు నటిస్తుంది. చాలా షాపుల్లో లింక్ రాడ్ తప్పించుకునేది ఇలాగే.

బాల్ జాయింట్‌కి మాత్రం చక్రం లేపాల్సిందే. జాకీ ఒక్కటే నమ్ముకోకుండా స్టాండ్ పెట్టండి, కారు కిందికి దూరకండి. స్టాండ్ లేకపోతే ఈ పని షాపులోనే చేయించండి. చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెల దగ్గర పట్టుకుని ఊపితే ఆడుతోందంటే బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ. 9, 3 దగ్గర ఆడితే టై రాడ్ వైపు. బాల్ జాయింట్ రబ్బరు చిరిగి, ఆట కూడా కనిపిస్తే ఆ కారుతో హైవే ఎక్కొద్దు. లింక్ రాడ్ పోతే చప్పుడు, మలుపుల్లో కాస్త ఊగుడు. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి ఒరిగిపోతుంది, బండి చేతిలో ఉండదు.

షాపులో ఏం అడగాలి

"శబ్దం వస్తోంది, చూడండి" అనకండి. "కుడి చక్రం ఒక్కటే ఎక్కినప్పుడు వస్తోంది, రెండూ ఎక్కితే రావట్లేదు" అని చెప్పి వీడియో చూపించండి. విప్పిన పాత పార్టు చేతికి ఇమ్మనండి, కదిపి చూడండి. లోయర్ ఆర్మ్ మార్పిస్తే బుష్ బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉన్నప్పుడు, కారు బరువు పడ్డాకే చేయమనండి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. లోయర్ ఆర్మ్, టై రాడ్, స్ట్రట్‌లలో ఏది విప్పినా వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. లింక్ రాడ్ ఒక్కదానికే అయితే అవసరం లేదు, అడిగినా కట్టకండి.

బిల్లు కట్టే ముందు అదే బ్రేకర్, అదే స్పీడ్, అదే ఫోన్‌తో ఇంకోసారి రికార్డ్ చేసి పాతదానితో పోల్చండి.