మన యాత్ర ఎందుకు? ధమ్మ స్థలాలపై ఒక పాఠం



అక్టోబరు దగ్గర పడుతుంటే మన పేటల్లో ఒక మాట వినిపిస్తుంది: "ఈసారి నాగపూర్ పోదామా?" ఆ వెంటనే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. "వాళ్లు తిరుపతి పోతారు, మీరు నాగపూర్ పోతారు. తేడా ఏముంది? మొక్కులు వదిలేశామంటూ మళ్లీ ఈ యాత్రలేంటి?" ఎగతాళికి అడిగినా, తెలుసుకోవాలని అడిగినా ఇది మంచి ప్రశ్నే. దీనికి జవాబు తెలియకపోతే మన యాత్ర కూడా మెల్లగా జాతర అయిపోతుంది. అందుకే ఈ పాఠం.

1. బుద్ధుడు ఏ స్థలాలు చెప్పాడు?

మహాపరినిబ్బాన సుత్తంలో తథాగతుడు ఆనందుడికి నాలుగు చోట్లు చెబుతాడు. తాను పుట్టిన లుంబిని, సంబోధి పొందిన బుద్ధగయ, మొదటి ధమ్మోపదేశం చేసిన సారనాథ్, పరినిర్వాణం చెందిన కుశీనగర్. శ్రద్ధ ఉన్నవారు వీటిని చూడదగినవని, చూస్తే మనసు కదులుతుందని ఆయన మాట. ఆ కదలికకే పాళీలో సంవేగం అని పేరు. "నేనెలా బతుకుతున్నాను?" అని మనిషి తనను తాను అడుక్కోవడం అన్నమాట.

అక్కడి నీళ్లలో మునిగితే పాపం పోతుందా? దీనికి పున్నిక కథ చాలు. ఆమె నీళ్లు మోసే దాసి. చలిలో వణుకుతూ నదిలో మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి ఆమె నిలదీసింది. నీళ్లే పాపం కడిగేటట్లయితే కప్పలు, తాబేళ్లు అన్నీ స్వర్గానికి పోవాలి కదా అంది. ఆయన దగ్గర జవాబు లేకపోయింది. ఆ మాటలు థేరీగాథలో నిలిచి ఉన్నాయి. ఒక దాసి తర్కాన్ని పవిత్ర గ్రంథంలో దాచుకున్న సంప్రదాయం మనది.

2. అశోకుడు యాత్రను ఎలా మార్చాడు?

పూర్వం రాజులు వేటకూ వినోదానికీ విహార యాత్రలు చేసేవారు. అశోకుడు దాన్ని మాని ధమ్మ యాత్ర మొదలుపెట్టాడు. తన ఎనిమిదో శిలాశాసనంలో ఆ సంగతి చెప్పాడు. శ్రమణులను, బ్రాహ్మణులను కలవడం, ముసలివారికి సాయం చేయడం, పల్లె జనాన్ని చూసి ధమ్మం గురించి మాట్లాడటం, ఇదీ ఆ యాత్ర. అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా ఉన్నాయి.

లుంబినికి వెళ్లినప్పుడు ఆయన అక్కడ స్తంభం నిలిపాడు. ఆ ఊరికి పన్ను కూడా తగ్గించాడు. అది ఇవాళ నేపాల్‌లో ఉంది, దాని మీద రాత ఇప్పటికీ చదవొచ్చు. యాత్రికుడు వచ్చి పోయాక ఊరి బతుకు కాస్త తేలిక పడాలి. ఇది మనకు మొదటి కొలత.

3. అమరావతి రాయి మీద ఒక పేరు

కృష్ణ ఒడ్డున ధాన్యకటకం శాతవాహనుల కాలంలో పెద్ద నగరం. పడవల మీద వ్యాపారం నడిచేది. ఆ నగరం పక్కనే అమరావతి మహాచైత్యం లేచింది. ఏ ఒక్క రాజూ దాన్ని కట్టించలేదు. భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు, గృహిణులు తలా ఒక పలక, తలా ఒక స్తంభం ఇచ్చారు. ఇచ్చినవారి పేర్లు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో రాళ్ల మీద చెక్కి ఉన్నాయి.

అందులో ఒక పేరు విధికుడు. అతని వృత్తి కూడా రాసి ఉంది: చమ్మకార. అంటే తోలు పని చేసేవాడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను విధికుడు దానం చేశాడు.

ఇక్కడ కాసేపు ఆగండి. తోలు పని చేసే మనిషి తన వృత్తిని దాచుకోలేదు. చైత్యం అతని దానాన్ని తోసిపుచ్చలేదు. తర్వాత శతాబ్దాల్లో అదే నేల మీద తోలు పనివాడికి ఊరి బావి లేదు, గుడి మెట్టు లేదు. 1930 మార్చి 2న నాసిక్ కాలారామ్ ఆలయం ముందు బాబాసాహెబ్ సత్యాగ్రహం మొదలుపెడితే, ఏళ్ల తరబడి పోరాడినా తలుపు తెరుచుకోలేదు. 1935లో యేవలాలో ఆయన తన నిర్ణయం ప్రకటించాడు: హిందువుగా పుట్టాను, హిందువుగా చావను.

తేడా ఏముందని అడిగినవారికి విధికుడి రాయి చూపించండి. మనిషిని బయట నిలబెట్టే స్థలం ఎంత పాతదైనా మనకు పవిత్రం కాదు. అందరి పేరూ రాసుకునే స్థలమే మనకు పవిత్రం.

4. ఈ స్థలాలు ఎలా పోయాయి?

పట్టించుకునేవారు లేకపోతే రాయి కూడా మిగలదు. 1797 ప్రాంతంలో కల్నల్ మెకంజీ అమరావతి దిబ్బను చూసేనాటికే స్థానిక జమీందారు కొత్త ఊరి కోసం అక్కడి రాళ్లు తీయిస్తున్నాడు. కొన్ని పలకలు కాలి సున్నమయ్యాయి. మిగిలినవాటిలో చాలా భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. సారనాథ్‌లోనూ 1794లో ఒక స్తూపాన్ని ఇటుకల కోసం పడగొట్టారు. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్ల కింద మునిగింది. తవ్వి తీసినవాటిలో కొన్నిటిని కొండ మీదికి, అనుపుకి చేర్చి నిలబెట్టారు.

బుద్ధగయ మాటేమిటి? 1891లో అనగారిక ధర్మపాల మహాబోధి విహారాన్ని బౌద్ధులకు ఇవ్వాలని ఉద్యమం మొదలుపెట్టాడు. 1949 చట్టం ప్రకారం నిర్వహణ కమిటీలో నలుగురు బౌద్ధులు, నలుగురు హిందువులు, అధ్యక్షుడిగా జిల్లా కలెక్టరు. పూర్తి బాధ్యత బౌద్ధులకే ఇవ్వాలన్న డిమాండ్ ఇంకా నడుస్తోంది. అక్కడికి వెళ్లే ప్రతి ఉపాసకుడికీ ఇది తెలిసి ఉండాలి.

5. మన కాలంలో పుట్టిన స్థలాలు

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ధమ్మదీక్ష తీసుకున్నాడు. కుశీనగర్ నుంచి వచ్చిన చంద్రమణి మహాథేర ఆయనకు దీక్ష ఇచ్చాడు. ఆ తర్వాత ఆయన లక్షల మందికి దీక్ష ఇచ్చి 22 ప్రతిజ్ఞలు చేయించాడు. నాగపూరే ఎందుకని అడిగితే, ఒకప్పుడు బౌద్ధాన్ని వ్యాపింపజేసిన నాగుల నేల అని మరునాడు వివరించాడు. అక్కడ ఏ అద్భుతమూ జరగలేదు. మనుషులు తలెత్తారు, అంతే. అందుకే అది దీక్షాభూమి అయింది.

ముంబై దాదర్‌లోని చైత్యభూమి కూడా అంతే. డిసెంబరు 6న ఆ నగరానికి లక్షల మంది వస్తారు. అక్కడ ఎక్కువ కనిపించే దుకాణాలు పుస్తకాలవి. కూలి చేసుకునే తల్లి కూడా ఒక పుస్తకం కొనుక్కుని సంచిలో పెట్టుకుంటుంది. మన తీర్థప్రసాదం అదే.

6. వెళ్లేటప్పుడు గుర్తుంచుకోండి

- అప్పు చేసి యాత్రకు పోవద్దు. దూరం పోలేనివారు గుంటూరు నుంచి బస్సెక్కి అమరావతి చూడండి.
- బుద్ధుడి ముందు మొక్కుకోవద్దు. పూలు పెట్టండి, పంచశీల చెప్పండి, కాసేపు మౌనంగా కూర్చోండి.
- పిల్లలకు ముందే కథ చెప్పి తీసుకెళ్లండి. తెలియని కంటికి స్తూపం ఇటుకల దిబ్బే.
- రాళ్ల మీద పేర్లు గీయవద్దు, రంగు పూయవద్దు. చెత్త మీ సంచిలోనే తెచ్చుకోండి.
- తిరిగొచ్చాక విహారంలో చూసినదాన్ని పదిమందికి చెప్పండి. చెప్పేదాకా యాత్ర పూర్తి కాలేదనుకోండి.

చర్చకు ప్రశ్నలు

1. పున్నిక మాటను మన ఇళ్లలో మిగిలిన ఏ ఆచారానికి వర్తింపజేయవచ్చు?
2. విధికుడు తన వృత్తిని రాయి మీద ఎందుకు రాయించుకుని ఉంటాడు? మనం మన పేటను ఎందుకు దాచుకుంటున్నాం?
3. మీ ఊరికి దగ్గర్లోని బౌద్ధ దిబ్బ ఏది? దాన్ని కాపాడటానికి ఈ ఏడు మీ సంఘం ఏం చేయగలదు?

మూడో ప్రశ్నకు జవాబు దొరికితే మీ యాత్ర మొదలైనట్టే.

నమో బుద్ధాయ. జై భీమ్.