పిల్లలు ‘సరే’ అంటే చెల్లుతుందా?

ట్రాన్స్‌జెండర్ పిల్లల వైద్యం: ఇంగ్లండ్‌లో తరచూ అడిగే ప్రశ్నలు

పదహారేళ్లు నిండని పిల్లలు వైద్యానికి సొంతంగా ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవచ్చు. చికిత్స ఏమిటో, దానివల్ల ఏమవుతుందో గ్రహించే తెలివి ఉంటే వయసు అడ్డు కాదని 1985లో గిలిక్ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. ఆ కేసు గర్భనిరోధక సలహా గురించి వచ్చింది. 16 నిండితే 1969 నాటి చట్టమే ఆ హక్కు ఇస్తుంది.

యవ్వన లక్షణాలు రాకుండా ఆపే ప్యూబర్టీ బ్లాకర్లకూ ఇదే వర్తిస్తుందా?

గొడవంతా ఇక్కడే. టీనేజీలో ఈ మందులు వాడి, తర్వాత పశ్చాత్తాపపడ్డ కీరా బెల్ కోర్టుకెక్కారు. పదమూడేళ్లు, అంతకు లోపు పిల్లలకు ఈ చికిత్స అర్థమయ్యే అవకాశం చాలా తక్కువని 2020 డిసెంబరులో హైకోర్టు అంది. 2021 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఏ బిడ్డకు ఎంత అర్థమైందో తేల్చాల్సింది డాక్టర్లే, జడ్జీలు కాదంది.

అయితే డాక్టరు రాసిస్తే దొరుకుతాయా?

దొరకవు. 2024 మార్చిలో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వీటిని మామూలుగా రాయడం మానేసింది. ఏప్రిల్‌లో పిల్లల డాక్టరు హిలరీ కాస్ నివేదిక, ఆధారాలు బలహీనంగా ఉన్నాయంది. మేలో పద్దెనిమిదేళ్ల లోపువారికి ప్రైవేటు ప్రిస్క్రిప్షన్ల మీద తాత్కాలిక నిషేధం వచ్చింది, డిసెంబరులో అది నిరవధికమైంది. సమీక్ష 2027లో. నిషేధానికి ముందే వాడుతున్నవాళ్లు కొనసాగించవచ్చు.

అదే మందు వేరే పిల్లలకు ఇస్తున్నారుగా?

ఇస్తున్నారు, మరీ చిన్న వయసులోనే యవ్వన లక్షణాలు మొదలైనవాళ్లకు. ఇది వివక్షేనని నిషేధాన్ని వ్యతిరేకించేవారి వాదన. అక్కడ తొందరపడి వచ్చినదాన్ని సరైన వయసుదాకా ఆపుతున్నారు, ఇక్కడ వేళకు వస్తున్నదాన్నే ఆపుతున్నారు, ఎముకల బలం మీద మందు ప్రభావమూ చూడాలి అంటుంది అవతలి పక్షం. రెండూ ఒకటే వైద్యం కాదన్న మాట నాకు సబబుగానే తోస్తుంది. అంతమాత్రాన నిషేధం తప్ప దారి లేదని తేలిపోదు.

పద్దెనిమిదేళ్లదాకా ఆగితే నష్టమేముంది?

గొంతు మారడం, రొమ్ములు పెరగడం ఏ నివేదిక కోసమూ ఆగవు. ఆగమనడమూ ఒక నిర్ణయమే. దానికి మాత్రం పిల్లల సంతకం ఎవరూ అడగరు.

ఇప్పుడు మా బిడ్డను ఎక్కడ చూపించాలి?

2024 సెప్టెంబరు నుంచి స్థానిక డాక్టరు (జీపీ) నేరుగా జెండర్ క్లినిక్‌కు పంపలేరు. ఎన్‌హెచ్‌ఎస్ పిల్లల డాక్టరో, పిల్లల మానసిక వైద్య విభాగమో పంపాలి. ఆపైన నిరీక్షణ ఏళ్ల తరబడి. నిద్ర పట్టకపోయినా, బడికి వెళ్లనంటున్నా, దిగులుగా ఉన్నా క్లినిక్ పిలుపు కోసం కూర్చోకండి. వాటికి స్థానికంగానే వైద్యం అడగవచ్చు.