నులిపురుగులకు వాము చాలునా?

పిల్లలకు కడుపునొప్పి వస్తే వాము నమిలించడం, పరగడుపున వెల్లుల్లి మింగించడం మన ఇళ్ళలో అలవాటే. వాములో థైమాల్ అనే పదార్థం ఉంది. 1910 ప్రాంతంలో డాక్టర్లు కొంకిపురుగులకు దాన్నే మందుగా ఇచ్చేవారు. అయితే అది శుద్ధిచేసిన థైమాల్, అదీ గ్రాముల లెక్కన. విషమయ్యే ప్రమాదం ఉండడంతో తరువాత మానేశారు. చిటికెడు వాములో అంత బలం ఉండదు. అది పురుగులను పూర్తిగా పోగొట్టదు.

కొంకిపురుగులు పేగు గోడను పట్టుకొని రక్తం పీలుస్తాయి. ఇంటి వైద్యంతో నెలలు గడిపితే బిడ్డ రక్తహీనతతో పాలిపోతుంది, ఆయాసపడుతుంది.

కాబట్టి తల్లులారా, ఆల్బెండజోల్ మాత్ర వేయించండి. రెండేళ్ళు దాటినవారు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి నమిలి మింగాలి. ఏడాది నుండి రెండేళ్ళలోపు వారికి సగం మాత్ర పొడిచేసి నీళ్ళతో పట్టాలి. 2015లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 1 నుండి 19 ఏళ్ళ వారికి బడుల్లో, అంగన్‌వాడీల్లో దీన్ని ఉచితంగా ఇస్తారు. గర్భిణులు, జబ్బుగా ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

మాత్ర వేసుకున్నా, మరుగుదొడ్డి వాడకపోతే, చెప్పులు లేకుండా తిరిగితే పురుగులు మళ్ళీ వస్తాయి. భోజనానికి ముందు, దొడ్డికి వెళ్ళివచ్చాక సబ్బుతో చేతులు కడగండి.

వాము, వెల్లుల్లి వంటలో మానవద్దు. మాత్రకు బదులుగా మాత్రం వాడవద్దు.