వ్యక్తినామముల క్రియాపరిణామము: ఆంగ్ల నామధాతువులలో కారకవివేచనము

నామమునుండి ధాతువును నిష్పన్నము చేయు ప్రక్రియ సంస్కృత వ్యాకరణాధ్యేతలకు సుపరిచితము. పాణిని అష్టాధ్యాయి తృతీయాధ్యాయ ప్రథమపాదమున క్యచ్, క్యఙ్ మున్నగు ప్రత్యయములను విధించి నామధాతువులకు వ్యవస్థ కల్పించెను. ఆంగ్లభాషయందును ఇట్టి ప్రక్రియ కలదు. అందు ప్రసిద్ధ వ్యక్తుల పేర్లు సైతము నిత్యవ్యవహారమున క్రియలైనవి. ఒకని పేరు క్రియగా మారినపుడు అందు నిలుచునది అతడు చేసిన పనియా, అతనికి ఇతరులు చేసిన పనియా, లేక అతడెన్నడును చేయని పనియా? ఈ ప్రశ్నను పాణినీయ కారకదృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

రూపనిష్పత్తి

ఆంగ్లమున ఈ క్రియలు రెండు విధముల ఏర్పడుచున్నవి. మొదటి విధమున ఏ ప్రత్యయమును కనిపింపదు. బాయ్‌కాట్, లించ్, బర్క్, హెక్టర్ అను పేర్లు యథాతథముగా క్రియలైనవి. ఇది నామధాతు ప్రకరణమునందలి క్విప్ ప్రత్యయమును స్మరింపజేయును. కృష్ణునివలె ఆచరించుచున్నాడు అను అర్థమున ‘కృష్ణతి’ అను రూపమునందు క్విప్పు సర్వాపహారలోపమును పొందును. ప్రాతిపదికమే ధాతువుగా నిలుచును. రెండవ విధమున ‘ఐజ్’ అను ప్రత్యయము చేరును. ఇది గ్రీకునుండి లాటిను, ఫ్రెంచి భాషల ద్వారా ఆంగ్లమునకు వచ్చినది. మెస్మరైజ్, పాశ్చరైజ్, గాల్వనైజ్, బౌడ్లరైజ్ ఇందుకు ఉదాహరణములు. ఈ క్రియలు వ్యవహారమున స్థిరపడిన కొలది మొదటి పెద్దక్షరము చిన్నదగుచున్నది. సంజ్ఞ రూఢిక్రియగా మారెననుటకు లిపిలో కనిపించు గుర్తు ఇదియే.

ఉపమానము కర్మయైనపుడు

రూపముకంటె అర్థము ముఖ్యము. ఆచారార్థమున పాణిని రెండు విభాగములు చేసెను. ఉపమానము కర్మయైనచో క్యచ్ (3.1.10), కర్తయైనచో క్యఙ్ (3.1.11). గురువు శిష్యుని పుత్రునివలె చూచినచో ‘పుత్రీయతి’. కాకము డేగవలె ప్రవర్తించినచో ‘శ్యేనాయతే’. ఈ విభాగము ఆంగ్ల వ్యక్తినామక్రియలకు ఆశ్చర్యకరముగా అన్వయించుచున్నది.

చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్ (1832–1897) ఐర్లండు పశ్చిమభాగమునందలి మేయో మండలమున ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటు. 1879లో స్థాపితమైన ల్యాండ్ లీగు కౌలుదారుల పక్షమున ఉద్యమించెను. 1880 సెప్టెంబరు 19న ఎన్నిస్ పట్టణ సభలో పార్నెల్ నాయకుడు, తొలగింపబడిన కౌలుదారుని భూమిని చేపట్టినవానిని సంఘమంతయు వెలివేయవలెనని ఉపదేశించెను. కొలదిరోజులలో ఆ ప్రయోగము బాయ్‌కాట్‌పై జరిగెను. కూలీలు పనికి రాలేదు. వర్తకులు సరకు అమ్మలేదు. అల్‌స్టర్‌నుండి సుమారు ఏబదిమంది సైనికరక్షణతో వచ్చి పంట కోసిరి. అయిదువందల పౌనుల పంటకు పదివేల పౌనులు వ్యయమైనవని నాటి అంచనా. ఆ సంవత్సరమే అతని పేరు క్రియయై పత్రికల కెక్కెను.

ఇచ్చట బాయ్‌కాట్ వెలివేసినవాడు కాడు, వెలివేయబడినవాడు. ‘బాయ్‌కాట్ పట్ల ప్రవర్తించినట్లు ప్రవర్తించుట’ అని విగ్రహము. కావున ఇది క్యచ్ ప్రత్యయార్థము. ‘బోర్క్’ అను క్రియయు ఇట్టిదే. 1987 అక్టోబరు 23న అమెరికా సెనేటు రాబర్ట్ బోర్క్ అను న్యాయవేత్తను సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి 58–42 ఓట్లతో నిరాకరించెను. ఒక అభ్యర్థిపై తీవ్రవిమర్శల నెక్కుపెట్టి పదవి దక్కకుండ చేయుట ఆ క్రియకు అర్థమైనది. దానికి కర్తలు వేరు, పేరు కర్మది.

ఉపమానము కర్తయైనపుడు

విలియం బర్క్ 1828లో ఎడింబరో నగరమున హేర్ అను సహచరునితో కలిసి పదునారుగురిని చంపి, శవములను శరీరశాస్త్ర బోధకున కమ్మెను. 1829 జనవరి 28న అతనిని ఉరితీసిరి. ఊపిరాడకుండ చంపుట అను అర్థమున అతని పేరు క్రియయై, పిదప చర్చను అణచివేయుట అను లక్ష్యార్థమును పొందెను. ఇది కర్త్రుపమానము. అయితే ఒక భేదము గమనార్హము. ‘శ్యేనాయతే’ అకర్మకము, ‘బర్క్’ సకర్మకము. కర్త ఉపమానమైనను ఆంగ్లక్రియ మరియొక కర్మను స్వీకరించుచున్నది. కావున పాణినీయ విభాగము ఇచ్చట అర్థమున అన్వయించునే గాని రూపమున సంపూర్ణముగా అన్వయింపదు.

‘లించ్’ క్రియకు మూలపురుషుడు వర్జీనియావాసియగు చార్లెస్ లించ్ (1736–1796) అని కొందరు, విలియం లించ్ అని కొందరు చెప్పుదురు. చార్లెస్ లించ్ 1780 ప్రాంతమున బ్రిటిషు పక్షపాతులకు విధించిన శిక్షలు ప్రధానముగా కొరడాదెబ్బలు, కారాగారవాసము. మూక హత్య అను అర్థము పందొమ్మిదవ శతాబ్దమున స్థిరపడినది. 2022లో అమెరికా సంయుక్త రాష్ట్రములు చేసిన శాసనమున అది నేరనామముగా నిలిచినది. కర్త చేసిన పనికంటె క్రియ ఘోరతరమైనది.

సంబంధమాత్రము

మూడవ వర్గమున వ్యక్తికి క్రియతో గల సంబంధము మరింత దూరము. గాల్వానీ (1737–1798) కప్పకాళ్ళపై విద్యుత్ప్రయోగములు చేసెనే గాని ఇనుముపై జింకుపూత పూయలేదు. పాశ్చర్ 1860 దశకమున ద్రాక్షాసారాయము చెడకుండ వేడిచేయు విధానమును రూపొందించెను. ఆ పేరు నేడు ప్రధానముగా పాలకు చెందినది. మెస్మర్ (1734–1815) ప్రతిపాదించిన ‘జంతు అయస్కాంతత్వము’ను ఫ్రాంక్లిన్, లవోయిజియే సభ్యులుగా గల సంఘము 1784లో నిరాకరించెను. సిద్ధాంతము నశించినను ‘మెస్మరైజ్’ నిలిచినది.

బౌడ్లర్ విషయము విచారింపదగినది. షేక్‌స్పియర్ నాటకములనుండి అశ్లీలములని తోచిన భాగములను తొలగించిన సంపుటము 1807లో వెలువడెను. దానిని సంస్కరించినది హెన్రియెటా మరియా బౌడ్లర్. 1818లో సోదరుడగు థామస్ బౌడ్లర్ పేరుతో విస్తృతముద్రణ వచ్చెను. క్రియలో ఇంటిపేరు ఒక్కటే మిగిలినను నిఘంటువులు దానిని థామస్‌కే ముడిపెట్టుచున్నవి. పని ప్రారంభించిన స్త్రీ మరుగున పడెను.

తెలుగున భీష్మించుట

తెలుగున సంజ్ఞానామములు అధికముగా సమాసములందు నిలిచినవి: భగీరథప్రయత్నము, కుంభకర్ణనిద్ర, త్రిశంకుస్వర్గము. క్రియగా మారినవి అరుదు. వానిలో ‘భీష్మించు’ ప్రధానమైనది. ఇందు ‘ఇంచు’ ప్రత్యయము ఆచారార్థమును బోధించుచున్నది. భీష్మునివలె పట్టు వదలకుండుట అని అన్వయము. ఇది శుద్ధ కర్త్రుపమానము, ‘శ్యేనాయతే’ వలె అకర్మకము. అయితే భీష్ముని ప్రతిజ్ఞ తండ్రికొరకై చేసిన త్యాగము. భీష్మించుకొని కూర్చుండుట వ్యవహారమున మొండితనము. ఆంగ్లమున హెక్టరునకును ఇదే గతి. ట్రాయ్ నగరమును రక్షించిన వీరుని పేరు బెదిరించుట, దబాయించుట అను అర్థమున క్రియయైనది.

ఆంగ్లక్రియ తెలుగునకు వచ్చునపుడు మరల నామమగుట మరియొక విశేషము. ‘బాయ్‌కాట్ చేయు’ అనునపుడు క్రియాత్వమును ‘చేయు’ వహించుచున్నది. ఐర్లండులో నామము క్రియయైనది. తెలుగున క్రియ తిరిగి నామమైనది.

ఉపసంహారము

వ్యక్తినామక్రియయందు పేరు కర్తదియా, కర్మదియా, సంబంధిదియా అని నిర్ణయించిన పిదపనే దాని చరిత్రార్థము తేటపడును. రూఢి యోగార్థమును కప్పివేయుట శబ్దస్వభావము. కాని ఆ కప్పివేతలో వెలివేయబడినవాడు వెలికి మారుపేరగును, త్యాగి మొండివాడగును, శ్రమించిన స్త్రీ అదృశ్యురాలగును. క్రియాపదమును వ్యక్తిచరిత్రకు సాక్ష్యముగా గ్రహించుటకు ముందు కారకపరీక్ష ఆవశ్యకము. నామధాతు ప్రకరణమును బోధించు తరగతులలో ప్రాచీనోదాహరణముల సరసన ఇట్టి పదములను నిలిపినచో క్యచ్, క్యఙ్‌ల భేదము విద్యార్థికి సులభముగా హృదయంగమమగును.