పరపతి నివేదికలో పరాయి అప్పు

పూర్వం పల్లెలో అప్పు పుట్టాలంటే మనిషిని ఎరిగినవారు కావలసివచ్చేది. ప్రామిసరీ నోటుపై సాక్షులు సంతకాలు చేసేవారు. అప్పు తీసుకొన్నది ఎవరో నలుగురికీ తెలిసేది. నేడు రుణదాత ముఖమైనా చూడకుండా పాన్ సంఖ్య, ఆధార్ సంఖ్య, ఫోనుకు వచ్చే ఓటీపీ ఆధారంగా నిమిషాలలో అప్పు మంజూరు చేయగలుగుతున్నాడు. ఈ సౌలభ్యం వెంటనే ఒక ప్రమాదమూ ప్రవేశించింది. ఒకరి గుర్తింపు వివరాలు దొంగిలించి మరొకరు అప్పు చేస్తే, ధనం దొంగకు చేరుతుంది; బాకీ నిర్దోషి పేరున నిలుస్తుంది.

ఉదాహరణకు, గుంటూరులో చదువుకొంటున్న ఒక విద్యార్థిని ఉన్నత విద్యకై బ్యాంకు రుణం కోరిందనుకొందాం. ఆమె ఎన్నడూ చూడని నగరంలో ఆమె పేరున ఒక అప్పు వాయిదా మీరి ఉన్నదని బ్యాంకువారు చెబుతారు. కళాశాలలో ప్రవేశానికి గడువు సమీపిస్తున్నది. ఇట్టి సమయంలో ఏమి చేయవలెనో తెలియకుంటే ఒక విద్యాసంవత్సరమే నష్టం కావచ్చు.

నివేదిక తయారయ్యే విధం

2005లో పార్లమెంటు చేసిన పరపతి సమాచార సంస్థల నియంత్రణ చట్టం క్రింద దేశంలో నాలుగు సంస్థలు పనిచేస్తున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. బ్యాంకులు, ఇతర రుణసంస్థలు తమ ఖాతాదారుల వివరాలను వీటికి పంపుతాయి. వాటి ఆధారంగా 300 నుండి 900 వరకు గల స్కోరు నిర్ణయమవుతుంది. ఒక రాష్ట్రంలో నమోదైన బాకీ దేశంలో ఏ మూలనైనా కనిపిస్తుంది.

తప్పును గుర్తించడం

ప్రతి సంస్థ నుండి సంవత్సరానికి ఒక పూర్తి నివేదికను ఉచితంగా పొందే హక్కు పౌరునికి ఉన్నది. అందులో మూడు భాగాలను శ్రద్ధగా చూడాలి. మొదటిది వ్యక్తిగత వివరాలు: ఎరుగని చిరునామా, ఫోను నంబరు ఉన్నవా? రెండవది ఖాతాలు: తాను తెరవని ఖాతా ఉన్నదా? మూడవది విచారణలు: తాను దరఖాస్తు చేయని రుణసంస్థ తన నివేదికను అడిగిందా? కొన్ని సందర్భాలలో అప్పు నమోదు కాకముందే మోసాన్ని సూచించేది ఈ మూడవ భాగమే.

ప్రతి తప్పూ దొంగతనం కాదు. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాస్తారు. ఉత్తరాదివారు వంశనామాన్ని చివర వ్రాస్తారు. తమిళులు తండ్రి పేరులోని తొలి అక్షరాన్ని చేర్చుతారు. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలలోకి మారినప్పుడు ఇద్దరి ఖాతాలు ఒకే నివేదికలో కలిసిపోవచ్చు. ఖాతాలో వేరొకరి పాన్, వేరొకరి చిరునామా ఉంటే అది కలగాపులగం కావచ్చు. తన పాన్‌కు ఎరుగని ఫోను నంబరు జతపడి ఉంటే మోసాన్ని శంకించాలి.

సవరణ మార్గం

పరపతి సంస్థ తనంతట తాను ఖాతాను తొలగించదు. రుణదాత ధ్రువీకరించిన పిమ్మటనే సవరించాలన్నది చట్టం. కావున ఫిర్యాదు ఇరువురికీ ఏకకాలంలో చేరాలి. రుణసంస్థకు లిఖితపూర్వకంగా వ్రాసి దరఖాస్తు ప్రతి, సమర్పించిన గుర్తింపు పత్రాలు, రుణధనం జమ అయిన ఖాతా వివరాలు కోరాలి. పోలీసులకు గాని, 1930 నంబరుకు గాని, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గాని ఫిర్యాదు చేసి, దాని ప్రతిని జతపరచాలి. సమాచార సాంకేతిక చట్టంలోని 66సి సెక్షన్ ప్రకారం గుర్తింపు చౌర్యానికి 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

ఫిర్యాదును 30 రోజులలో పరిష్కరించాలి. 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు జారీచేసి, 2024 ఏప్రిల్ నుండి అమలుపరచిన ఉత్తర్వు ప్రకారం, గడువు మీరిన ప్రతి దినానికి ఫిర్యాదుదారునికి 100 రూపాయల పరిహారం చెల్లించాలి. జవాబు రాకున్నా, వచ్చినది తృప్తికరం కాకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా విన్నవించుకోవచ్చు. అందుకే ప్రతి ఉత్తరాన్ని, రసీదును తేదీ వారీగా భద్రపరచాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పీడ విరగడైతే చాలునని పరాయి బాకీని కొంత చెల్లించడం పొరపాటు. అది అప్పును అంగీకరించినట్లుగా పరిగణింపబడవచ్చు. తగ్గింపుపై రాజీ కుదిరితే 'సెటిల్డ్' అన్న మాట నివేదికలో నిలిచి, ముందు రుణదాతలకు సందేహం కలిగిస్తుంది. కోరవలసినది రాజీ కాదు, తొలగింపు. తొలగించిన పిమ్మట నాలుగు సంస్థల నివేదికలను తిరిగి చూడాలి.

నివారణ

గుర్తింపు పత్రాల జిరాక్సు ప్రతులు ఇవ్వవలసివస్తే వాటిపై ప్రయోజనాన్ని, తేదీని అడ్డంగా వ్రాయాలి. అవకాశమున్నచోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ప్రతిని ఇవ్వాలి. ఓటీపీని ఎవరికీ చెప్పరాదు.

పరపతి అన్న మాటకు తెలుగులో అప్పు పుట్టే యోగ్యత అని మాత్రమే కాక, నలుగురిలో గల పలుకుబడి అని కూడా అర్థం. ఆ పలుకుబడికి సాక్షులుగా నిలిచిన ఇరుగుపొరుగువారి స్థానాన్ని నేడు ఒక నివేదిక ఆక్రమించింది. ఆ సాక్ష్యం సత్యమో కాదో ఏడాదికొకసారి సరిచూసుకొనడం ప్రతి పౌరుడు అలవరచుకోవలసిన పద్ధతి.