కాలువ చూసి రా

విజయవాడ

బుజ్జమ్మా,

పండక్కి నువ్వు వచ్చి వెళ్ళినప్పటి నుంచీ ఒక విషయం నా మనసులో మెదులుతూనే ఉంది. భోగి నాడు పొద్దున్నే వసారాలో కాఫీ తాగుతూ ఎండ వైపు చూడలేక కళ్ళు చికిలించుకున్నావు. మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందు నుంచి లేస్తూనే రెండు కళ్ళూ గట్టిగా నులుముకున్నావు. రాత్రి అందరూ పడుకున్నాక నీ దుప్పటి కింద ఫోను వెలుగు. అడిగితే "ఏం లేదు తాతయ్యా, ఇసుక పడ్డట్టు ఉంటుందంతే" అన్నావు. పాతికేళ్ళ పిల్ల కంట్లో రోజూ ఇసుక పడుతుంటే ఏం లేదని ఎలా ఊరుకోనమ్మా? ఫోన్లో చెబితే వేరే పని చేసుకుంటూ వింటావు. అందుకే కాగితం తీశాను. దీన్ని కూడా ఒక్క గుక్కలో చదవకు, మధ్యలో తలెత్తు.

ముప్పై అయిదేళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి, కళ్ళ అలసట నాకు కొత్త కాదు. నేను ప్రెస్సులో చేరేనాటికి చేతి కంపోజింగే. సిరా తడి ఆరని గాలీ ప్రూఫులు (దిద్దడానికి తీసిన అచ్చు కాగితాలు), నెత్తిన ట్యూబులైటు, రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు దాకా పని. తెలుగు దిద్దడం కంటికి పెద్ద పరీక్ష. థకీ ధకీ తేడా కడుపులో ఒక్క చుక్క. వత్తులేమో అక్షరం కింద నలుసంత ఉంటాయి. కన్ను అలిసిందని మాకు ముందుగా చెప్పేవి ఆ చుక్కలూ వత్తులే. ఒంటిగంట దాటితే చుక్క ఉన్నచోట లేనట్టూ, లేనిచోట ఉన్నట్టూ అనిపించేది.

మా గదిలో ఒక పెద్దాయన ఉండేవారు. ఒక్కో గాలీ ప్రూఫు అయిపోగానే పెన్ను చేతిలోంచి తీసుకుని "లేచి కాలువ చూసి రా" అనేవారు. ప్రెస్సు వెనక బందరు కాలువ, అవతలి గట్టు మీద ఒక దీపస్తంభం. ఆ దీపం నీళ్ళలో ఊగుతుంటే కాసేపు చూసి లోపలికి వచ్చేవాళ్ళం. వచ్చి కూర్చుంటే చుక్క మళ్ళీ కనిపించేది. పని తొందరలో ఉన్నప్పుడు ఆయన మీద విసుక్కున్న రోజులున్నాయి. ఆయన మమ్మల్ని ఎంత కాపాడారో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఎలాగంటే, కంటిలోపల ఒక కటకం ఉంది, దాని చుట్టూ ఉంగరంలా ఒక చిన్న కండరం. దూరం చూసేటప్పుడు ఆ కండరం వదులుగా ఉంటుంది. దగ్గరి వస్తువు చూడాలంటే అది బిగుసుకుని కటకాన్ని ఉబ్బేలా చెయ్యాలి. రెండు కనుగుడ్లూ ముక్కు వైపు తిరగాలి కూడా. ఫోను 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, కటకం శక్తిని కొలిచే లెక్కలో, దానికి 4 డయాప్టర్ల పని. 50 సెంటీమీటర్లకు జరిపితే అది 2 అవుతుంది, అంటే సరిగ్గా సగం. ఆరు మీటర్ల అవతలికి చూస్తే దాదాపు పనే లేదు. నువ్వు పొద్దుటి నుంచి రాత్రి దాకా కంప్యూటరుకూ ఫోనుకూ మధ్యే తిరుగుతున్నావు, అంటే ఆ కండరానికి సెలవే లేదు. బిందె నెత్తిన పెట్టుకుని నిలబడి మధ్యమధ్యలో చంకకు మార్చుకున్నంత మాత్రాన బరువు దిగదు కదా. సాయంత్రానికి నీకు నొసలు లాగేది, దూరపు బోర్డులు కాసేపు మసకబారేది అందుకే. అమెరికా కంటి నిపుణుడు జెఫ్రీ ఆన్షెల్ 20-20-20 అని ఒక సూత్రం చెప్పాడు: ప్రతి 20 నిమిషాలకూ 20 అడుగుల దూరాన్ని 20 సెకన్లు చూడమని. మా పెద్దాయన కాలువ అదే.

నీ ఇసుక బాధ మాత్రం రెప్పల వల్ల వచ్చింది. మాట్లాడుకుంటూ కూర్చుంటే మనం నిమిషానికి ఇంచుమించు 15 సార్లు రెప్ప వేస్తాం. తెర వైపు చూస్తే అది సగానికీ, ఒక్కోసారి మూడో వంతుకీ పడిపోతుంది. వేసిన రెప్ప కూడా పూర్తిగా మూతపడదు, సగంలోనే లేచిపోతుంది. కన్నీటి పొర మీద సన్నని నూనె పొర ఉంటుంది. ఆ నూనె రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి వస్తుంది. రెప్ప నిండుగా పడి లేస్తేనే అది కంటి మీద పరుచుకుంటుంది. లేకపోతే కన్నీరు ఆవిరై కన్ను ఎండిపోతుంది. పైగా మీ ఆఫీసులో ఏసీ. నీ సీటు మీదకే గాలి కొడుతుందని ఆమధ్య నువ్వే చెప్పావు. సిగ్గుపడకుండా అడిగి సీటు మార్పించుకో, లేదా ఆ గాలిని పక్కకు తిప్పించు. గంటకోసారి కావాలని పది సార్లు నిండుగా రెప్పలు వెయ్యి, పైరెప్ప కిందిరెప్పకు తగిలేలా. తెర పైఅంచు నీ కంటి మట్టానికి కాస్త కిందే ఉండాలి. ఎత్తుగా ఉంటే కళ్ళు ఎక్కువ విప్పుకోవాలి, కన్నీరు ఇంకా త్వరగా ఆరుతుంది. పడుకునే ముందు శుభ్రమైన గుడ్డ గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండి, మూసిన కళ్ళ మీద అయిదు నిమిషాలు వేసుకో. రెప్పల అంచుల్లో గడ్డకట్టిన నూనె కరుగుతుంది.

అద్దాల దుకాణంలో అదనంగా డబ్బు కట్టి, నీలి వెలుగును ఆపుతాయనే బ్లూకట్ అద్దాలు వేయించుకున్నావు. ఆ డబ్బు దండగేనమ్మా. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ పరిశీలకులు 2023లో 17 పరీక్షలను కలిపి చూశారు. మామూలు అద్దాల కంటే వాటివల్ల కళ్ళ అలసట తగ్గుతున్నట్టు వాళ్ళకు కనిపించలేదు. తెర నుంచి వచ్చే నీలి వెలుగు పగటి ఎండలో ఉన్నదాని ముందు చాలా తక్కువ. తెర చూసినందుకు చూపు పోతుందన్న భయం కూడా పెట్టుకోకు. అలసట, పొడిబారడం ఉంటాయి. రెండూ మన చేతిలోనివే. అద్దాలకు పెట్టే డబ్బుతో డాక్టరు దగ్గర పవర్ సరిగ్గా చూపించుకో. చిన్న సిలిండర్ పవర్ ఉండి అద్దాలు లేకపోయినా తలనొప్పి రావచ్చు.

ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను. కళ్ళు ఎర్రబడితే మందుల షాపుకు వెళ్ళి ఏదో ఒక చుక్కల మందు అడగకు. మాతో పనిచేసినాయన ఒకరు అలాగే తెచ్చుకున్నారు. వేసుకోగానే ఎరుపు పోయింది, హాయిగా ఉంది. డాక్టరు చీటీ లేకుండానే ఏళ్ళ తరబడి ఆ సీసాలే కొన్నారు. అందులో స్టెరాయిడ్ ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అది కంట్లో ఒత్తిడి పెంచుతుంది, శుక్లాలూ తెస్తుంది. ఆయనకు నీటికాసులు వచ్చి, పక్కచూపు చాలావరకు పోయాక గానీ బయటపడలేదు. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు. ప్రూఫులో ఒక్క చుక్క తప్పిపోనివ్వని మనిషి, చివరికి గుమ్మం తడుముకుంటూ దాటేవారు. నాకు ఇప్పటికీ ఆ దుఃఖం పోలేదు. నీకు చుక్కలు కావాలంటే ఏవి, ఎన్నాళ్ళు అన్నది కంటి డాక్టరే చెప్పాలి. ఉన్నట్టుండి చూపు మసకబారినా, మెరుపులు కనిపించినా, ఎరుపుతోపాటు నొప్పి ఉన్నా సెలవు కోసం చూడకుండా ఆరోజే వెళ్ళు. హైదరాబాదులో సరోజినీదేవి ఆసుపత్రి ఉంది, ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఉంది. ఆ ఊళ్ళో ఉండి ఆలస్యం చెయ్యడానికి కారణం లేదు.

ఫోను మూరెడు దూరంలో పట్టుకో, అక్షరం పెద్దది చేసుకో. తెలుగు చదివేటప్పుడు మరీ పెద్దది చేసుకో, వత్తుల కోసం కన్ను చికిలించాల్సిన అవసరం రాకూడదు. దీపమార్పి ఫోను చూడకు. ఆఫీసు పని ఆగదని నాకు తెలుసు, దాన్ని మానమని నేను అనను. కానీ దుప్పటి కింద ఆ గంట ఎవరూ అడగని పని, అది మాత్రం మానెయ్యి.

మీ ఆఫీసు రాయదుర్గం వైపు కదా. అక్కడ మేడల మధ్య రాతిగుట్టలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. రేపు ఆఫీసుకు వెళ్ళాక కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడు. అక్కడి నుంచి నీకు కనిపించే అన్నిటికన్నా దూరపు వస్తువేదో చూసి నాకు రాసి పంపు. గుట్టయినా సరే, నీళ్ళ ట్యాంకయినా సరే. నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను.

మీ తాతయ్య